కాయితంల లేని పేరు

“తల్లులు నావి దుర్గిగా, పిల్లలల్ల సగం నీవి. నీ సగానికి నీ ఇంటి కోతే పెట్టుకో, ఎవడడుగుతడో నేను చూస్త.” గిదీ మా ఊరి దొర అన్న మాట. గడీ ముంగట అరుగు మీద కూసోని, పండ్లల్ల యాపపుల్ల పెట్టుకోని అన్నడు. నేను ఆడనే ఉన్న, మా అన్న దుర్గయ్య ఎనుక నిలవడి. గంత పెద్ద మాట ఇయ్యనీకె గాయిన నోట్లె పుల్ల గూడ తియ్యలే. ఏమంటివి బిడ్డా, నీ వకీలు సదువు బుక్కుల కుర్మ జానయ్య కేసు అని ఒకటున్నదా, గా జానయ్యవు నువ్వేనా తాతా అని అడుగుతున్నవా? నేనే. గొర్ల దొంగతనం కింద ఏడాది శిక్ష వడ్డ జానయ్యను నేనే. గని ఆ కేసు నాది కాదు. నా పేరు వడ్డది, గంతే. అది మా వదినె బీరమ్మది. నువ్వు పుట్టకముందే పోయింది, నీకు ఎరుక లేదు. కూసో. కుర్చీ ఎందుకు, గీ గొంగడి మీద కూసో. చాయ్ వద్దా? మంచిది, నాకూ వద్దు. చాయ్ తాగుకుంట చెప్పే ముచ్చట కాదిది. గిన్నేండ్లయినా నాకు కడుపు మండుతనే ఉన్నది.

మన ఊరు కట్టంగూర్‌కు మూడు కోసుల దూరం గద. అప్పట్ల గా రోడ్డు లేదు, బండ్ల బాట. ఒక ఏడు చిటుకు రోగం వచ్చి మా మందకు మంద పది దినాలల్ల పోయింది. పొద్దున ఏడు, మాపటికి అయిదు, గట్ల. కుర్మోనికి మంద లేకుంటె ఇంక ఏమున్నది, చేతిల కట్టె మిగిలింది. గందుకే మా అన్న దొర కాడికి పోయిండు. దొర ముప్పై తల్లిగొర్లను పాలుకు ఇచ్చిండు. పాలుకు అంటె, మూడేండ్లు మేము మేపాలె, రోగం నొప్పి చూసుకోవాలె, మూడేండ్లకు తల్లులను దొరకు ఒప్పజెప్పాలె, పుట్టిన పిల్లలను సగం సగం పంచుకోవాలె. ఏది ఎవరిదని ఎట్ల తెలుస్తది అంటవా? చెవి. ఇంటికొక కోత ఉంటది బిడ్డా. మాది ఎడమ చెవి కింది అంచుకు కొడవలి తీరు వంపు. దొర గొర్లది కుడిచెవి నడిమికి చీలిక. పిల్ల పుట్టిన మూడోనాడు కొయ్యాలె. అప్పుడు చెవి తమలపాకు లెక్క మెత్తగ ఉంటది, సుక్క నెత్తురు రాలది. పసుపు బూడిద అద్ది తల్లి కింద ఇడుస్తరు. కోసేది ఇంటి ఆడిది. మా ఇంట్ల వదినె కోసేది. పుట్టిన వరుస తోని, ఒకటి దొరకు, ఒకటి మాకు, మంచిది చెడ్డది ఏరుడు లేదు. ఒకనాడు బలమైన పొట్టేలు పిల్ల దొర వంతుకు వచ్చింది. నేనన్న, “వదినె, దీన్ని మొన్న గాదు నిన్న పుట్టిందను, వరుస మారుతది.” ఆమె కత్తి దించకుంటనే, “జానిగా, నీ చెవి ఇటు వట్టు, ముందుగాల దానికి వెడుత,” అన్నది. గట్లాంటి మనిషి. మాట తక్కువ, చెయ్యి సూటి.

మూడేండ్లు గడిచినయి. అరవై తొమ్మిది పిల్లలు నిలిచినయి. ముప్పై అయిదు దొరయి, ముప్పై నాలుగు మాయి. బేసిది దొరకే పోయింది, మొదటి కోత ఆయనదే గద. అప్పుడు జంగు నడుస్తున్న దినాలు. పల్టన్లకు మాంసం కావాలె. పట్నంకెళ్ళి బేపారులు ఊళ్ళ మీద వడి, పొట్టేండ్లను కండ్లతోనే తూకం ఏస్తున్నరు. దొర మనసు మారింది. మా అన్న పోయి, “దొరా, మూడేండ్లాయె, మా సగం మేము ఇడిపించుకుంటం,” అంటె, దొర ఏమన్నడో తెలుసా? “పిల్ల ఎవనిదిరా? తల్లిది. తల్లి ఎవనిది? నాది. ఇంక నీదేమున్నది, పెంటికలా?” అన్నడు. పక్కకున్నోళ్ళు నవ్విండ్రు. మా అన్న నవ్వలే, కొట్లాడలే. తెల్లారి, పొద్దెక్కినంక, ఊరంత చూస్తుండంగ, మంద రాత్రిళ్ళు నిలిచే దొర దొడ్లకు పోయి, ఎడమ చెవి కోత ఉన్నయి ఉన్నట్టు ఏరి ఇవతల వెట్టిండు. నేను తోడు పోయిన. కావలి ఉన్న సుంకరికి చెప్పిండు, “దొరతోని చెప్పు. నా సగం నేను తోలుకపోతున్న. ఆయన సగం, తల్లులు దొడ్లనే ఉన్నయి, చూసుకొమ్మను.” నడిబజార్లకెళ్ళి, గడీ ముంగటికెళ్ళి తోలుకొచ్చినం. నేను అప్పటికి సంఘం పుస్తకాలు రెండు మూడు సదివిన, జులుం నశించాలె అని మంద ఎనుక కేకేసుకుంట వచ్చిన. గొర్లు బెదిరినయి, అన్న తిట్టిండు. అంతకు ముందురోజు నేనొక మాట అన్న బిడ్డా, అది మాత్రం సక్కటి మాట: “అన్నా, పటేలును పిలిచి ఒక కాయితం రాయించుకుందం.” ఏమన్నడు? “చెవి మీద ఉన్నంక ఇంక కాయితమెందుకురా?” గదీ మా కుర్మోళ్ళ తప్పు. మాకు చెవే కాయితం. ఒక కుర్మోడు ఇంకొక కుర్మోని కోతను కాదనడు, అన్నోనికి కులంల నీళ్ళు పుట్టయి. లోకమంత గట్లనే అనుకున్నం. కచ్చేర్ల చెవి సదివెటోడు ఒక్కడు గూడ ఉండడని మాకేం ఎరుక?

మాపటికల్ల ఠాణా అమీను దిగిండు, ఇద్దరు జవాన్లతోని. మమ్ముల ఇద్దర్ని కట్టిండ్రు, గొర్లను మళ్ళ దొర దొడ్లకే తోలిండ్రు, కేసు తేలేదాక ఆయన హవాల, అంటె ఆయన కిందనే ఉండాలెనట. పట్వారి వచ్చి పంచనామా రాసిండు. ఒక్కొక్క గొర్రెను వట్టుకోని, రంగు, కొమ్ము, చెవి, అన్నీ రాసిండు. మా మీది ప్రేమతోని కాదు, దొంగసొమ్ము గుర్తుపట్టనీకె. గాయినకు తన రాత మీద తనకే మోజు, కంటికి కనవడ్డదంత రాసెటోడు. అది గుర్తువెట్టుకో. తాలూకా కచ్చేర్ల ఏడు పేషీలయినయి. పేషీ అంటె మీరు వాయిదా అంటరు. దొర మనిషి సాక్ష్యం చెప్పిండు, “సర్కార్, మొత్తం దొర గొర్లే. ఎత్తుకపోయినంక ఈళ్ళు చెవులు కోసి తమ కోత వెట్టుకున్నరు.” మున్సిఫ్ మా అన్నను అడిగిండు, “తోలుకపోయినవా లేదా?” “తోలుకపోయిన సర్కార్, పగటి పూట తోలుకపోయిన. నాయి గనుక తోలుకపోయిన.” మున్సిఫ్‌కు మొదటి మాట ఇనవడ్డది, చివరి మాట ఇనవడలే. చెరొక ఏడాది ఏసిండు.

వదినె నల్లగొండకు నడిచిపోయింది. ఆడ వెంకటయ్య అని ఒక వయసు వకీలు ఉండె. మంచోడు, గని నోరు తెరిస్తె సభే. కోటు గుండీలు పెట్టుకునుడు గూడ మరిచి మాట్లాడెటోడు. వదినె చెప్పంగ నేను ఎన్నిసార్లు ఇన్ననో. ఆమె గాయిన తీరే చెయ్యి ఊపుకుంట చెప్పేది: “అమ్మా, ఇది గొర్ల కేసు కాదు. ఇది పీడిత జనం హక్కుల కేసు. గడీల గోడలు కదిలే దినం వచ్చింది.” ఈమె, “గోడలు కదిలితే కదలనియ్యి అయ్యా. ఇది గొర్ల కేసే. నా పెనిమిటి దొంగ కాదని పెద్ద కోర్టుతోని రాయించు,” అన్నది. గాయిన కచ్చేరి కాయితాల నకళ్ళు తెప్పిచ్చిండు. ఆమెకు అచ్చరం రాదు. పంచనామా సదువుమన్నది. సదివిండు. మళ్ళ సదువుమన్నది. మూడోసారి ఒక్క కాడ ఆపింది. పట్వారి ఏం రాసిండు? “ఎడమ చెవి కింది అంచున వంపు కోత, పాతది, అంచు మీద వెంట్రుకలు మొలిచి ఉన్నవి.” గట్ల ముప్పై నాలుగింటికి రాసిండు. వదినె అన్నది, “వకీలు సాబ్, పెరిగిన చెవిని కోస్తె అంచు గట్టివడి బోడిగ ఉంటది, సచ్చేదాక దాని మీద వెంట్రుక రాదు. మూడో దినం కోసిన చెవికే అంచు మీద వెంట్రుక వస్తది. ఎత్తుకపోయింది పొద్దున, పట్టుకున్నది మాపటికి. ఒక్క పూటల వెంట్రుకలు మొలిచే గొర్రె ఉంటే నాకొకటి చూపియ్యి, నేనే కొనుక్కుంట.” నిలవడి సభ చెప్తున్న వకీలు కుర్చీల కూసున్నడట. కలం తీసి గా ముక్క కింద గీత గీసిండట. 

హైకోర్టుల నిగరాని ఏసిండు, మీరు రివిజన్ అంటరు, ఇద్దరి పేర్ల మీద. మేము జైల్లనే ఉన్నం. బహమన్ నెలల, అంటె చలికాలం, అన్నకు జరం వచ్చింది. అన్న మాటలు ఎట్లుండెనో చెప్పుమంటవా? ఏమున్నయి, ఒకటే అడుగుతుండె, “గొర్లకు నీళ్ళు ఎవరు పెడుతున్నరురా?” దొర దొడ్ల గొర్లకు, గాయిన జైల్ల పండుకోని. నాలుగోనాడు పోయిండు. వదినె వచ్చి బండి మీద తీసుకపోయింది. నన్ను పంపియ్యలే. ఏడ్వలేదు అని నేను అనను, ఏడ్చింది. గని మూడోనాటికి పట్నంల పేషీ ఉండె. చిన్న కర్మ చేసి, ఇద్దరు పిల్లలను మా పెద్దమ్మ భద్రమ్మ కాడ ఇడిచి పోయింది. ఆడోళ్ళు అడిగిండ్రట, “గిట్లాంటప్పుడు పోతవా బీరీ?” అని. “గిట్లాంటప్పుడే పోవాలె,” అన్నదట.

పట్నంల మూసీ ఒడ్డుకు ఎర్రరాయి కట్టడం, నువ్వు రోజు పోయేదే గద. ఆమె దాని మెట్లు నాలుగుసార్లు ఎక్కింది. లోపట అంతా ఉర్దూల నడుస్తది. ఆమెకు ఉర్దూ బజార్ల బేరమాడేంత వచ్చు, గంతే. ఆఖరు పేషీనాడు జడ్జి సాబ్, ముసలాయన, అద్దాలు తుడుచుకుంట కాయితాలు తిప్పుతున్నడు. మన వెంకటయ్య ఏదో చెప్తున్నడు. ఏమి సమజ్ కాలే. ఉన్నట్టుండి జడ్జి నోట్ల ‘కాన్’ అనే మాట వచ్చింది. కాన్ అంటె చెవి, గది ఆమెకు ఎరుకే. మళ్ళ వచ్చింది, కాన్. మళ్ళ. సర్కారు వకీలు తల వంచిండు. వదినె నాతోని అనేది, “జానిగా, గా మాట మూడోసారి ఇన్నంక నేను కొంగు సర్దుకోని సక్కగ నిలవడ్డ. చెవి కాడికి వచ్చిండ్రు గద అనుకున్న.”

ఫైసలా ఏమొచ్చిందో నీ బుక్కుల ఉంటది, నాకంటె నీకే బాగ తెలుసు. అయినా నేను ఇన్నది చెప్త. జడ్జి రాసిండు: ఇది నాదే అని ఒక మనిషి ఇమాన్‌తోని నమ్మి, దాచకుండ, పదిమంది ముంగట తీసుకపోతే వాడు దొంగ కాడు. వాడు నమ్మింది తప్పయినా సరే, దొంగ కాడు. దొంగైతె మంచివి చెడ్డవి అన్నీ తోలుకపోతడు, తన కోత ఉన్నయి మాత్రమే ఏరుకోని ముప్పై అయిదు పిల్లలను, తల్లులను ఇడిచిపోడు. కోతలు పాతయని సర్కారు పంచనామానే చెప్తున్నది, కొత్తయన్న దొర సాక్ష్యం అబద్దం. గొర్లు ఎవరియి అనేది దీవానీ, మీరు సివిల్ అంటరే, గా కోర్టు తేల్చాలె, అది హక్కుల తగాద. హక్కుల తగాదను ఫౌజ్దారీ కట్టెతోని కొట్టి తేల్చొద్దు. గింతే. జానయ్యను ఇడువుండ్రి. వెంకటయ్య బయటికొచ్చి ఎగిరిండట, “అమ్మా, ఇది నజీర్ అయితది, ఇంక వచ్చే కేసులన్నిటికి ఇదే తొవ్వ. నిజాం రాజ్యంల ఏ మూలనైనా ఏ దొరా ఇంక భూమి తగాదను, గొడ్ల తగాదను దొంగతనం కేసు చేసి పేదోన్ని జైల్ల వెట్టలేడు. ప్రతి కోర్టుల నీ గొర్ల పేరు సదువుతరు.” ఆమె అన్ని ఇని ఒక్కటే అడిగింది. “గా కాయితంల మా ఇంటాయన పేరు ఏ తీరుగ ఉన్నది?”

వెంకటయ్య కాయితాలు మడత వెడుతున్నడు. మళ్ళ అడిగింది. అప్పుడు చెప్పిండు. దుర్గయ్య చనిపోయిండు గనుక దుర్గయ్య నిగరాని ఖారిజ్. చచ్చినోని అపీలు ఆడికే ఖతమైతదట, అది కానూన్. “మరి తాలూకా కచ్చేరి ఆయనను దొంగ అన్నది గద, అది?” “అది అట్లనే ఉంటదమ్మా.”

గిక్కడ సమజ్ చేసుకో బిడ్డా. నువ్వు సదివినవు, నీకు కానూన్ లెక్క తెలుసు. మాకు ఇంటి లెక్క ఉంటది. ఠాణాల దొంగల రిజిస్టర్ ఉంటది. పేరు ఎక్కితే ఊళ్ళె కోడి మాయమైనా ఆ ఇంటోళ్ళనే పిలుస్తరు, కొడుకును, వాని కొడుకును. అంతకు మించి, దొంగ అనిపించుకున్న ఇంటి కోత కులంల చెల్లది. ఎవ్వడూ పాలుకు గొర్లియ్యడు. ఆ కోత ఉన్న పిల్లను సంతల కొనడు. ఇద్దరు మొగపిల్లలు ఆమెకు, వాళ్ళకు మందే లేకుంట అయితది. నేను జైలుకెళ్ళి వచ్చిన్నాడు ఊరంత సంబురం. డప్పులు. మా సైదమ్మత్త నా మెడల బంతిపూల దండ ఏసింది. హైకోర్టు గొర్లు మనకిచ్చిందని అందరు మురుస్తున్నరు. ఇచ్చింది ఏమి లేదు, దొంగ కాదన్నది గంతే, గొర్లు ఇంక దొర దొడ్లనే ఉన్నయి. నేను మీసాలు తిప్పి, “పాండ్రి, ఇప్పుడే పోయి తోలుకొద్దం, కోర్టు మనది, న్యాయం మనది, గడీ తలుపులు పలగ్గొడుదం,” అన్న. యాబై మంది లేచిండ్రు. వదినె ఇంట్లకెళ్ళి బయటికి వచ్చి వాకిట్ల అడ్డం నిలవడ్డది. “పో జానిగా. పోతే మాత్రం పగటి పూట ఇమాన్‌తోని పోతున్నవో, మందబలంతోని గుంజుకరానీకె పోతున్నవో, గా జడ్జి అడిగితే ఏం చెప్తవో ఇక్కడ చెప్పి పో.” ముందుగాల నేను కూసున్న. యాబై మందీ కూసున్నరు. గొర్లకు దీవానీల దావా ఏస్తనన్నది, ఏసింది గూడ. గని ముందు పేరు, తర్వాత గొర్లు, అన్నది.

దొరకు ఈ ముచ్చట ఎట్లనో తెలిసింది. ఆయనకు భయం వట్టింది గొర్లకు కాదు. పట్నంల ఆయన పేరు బుక్కుల ఎక్కింది, అబద్దపు సాక్ష్యం చెప్పించినోడని. ముంశీని మా ఇంటికి పంపిండు. ఆ ముంశీ చెప్పులు వాకిట్ల ఇడిచి లోపలికి వచ్చిండు బిడ్డా. గంతకు ముందు మా వాడల చెప్పులు ఇడిచింది ఎన్నడూ చూడలే. మెత్తగ మాట్లాడిండు. “బీరమ్మా, దొర మాట ఇస్తున్నడు. ముప్పై నాలుగూ తోలుకపో. తల్లులల్ల గూడ అయిదు కలుపుత అన్నడు. దావా ఎందుకు, రాజీకి రా. ఇంక ఆ పై కోర్టుకు అర్జీలు, దుర్గయ్య పేరు, అవి ఇడిచిపెట్టు. పోయినోని పేరుతోని నీకేం పని, ఉన్న పిల్లలను చూసుకో.” నేను ఆమె మొఖం చూసిన. ఇంట్ల జొన్నలు గూడ లేని దినాలు. నాకు నిజం చెప్పాలంటె, ఒప్పుకుంటె బాగుండు అనిపించింది. ఇరవై రెండేండ్లోన్ని, నినాదాలు నోటికొచ్చు గని ఆకలికి నినాదం లేదు. ఆమె ముంశీకి చెంబుల నీళ్ళిచ్చింది. తాగినంక అన్నది, “అయ్యా, గొర్లు దొర ఇస్తె తీసుకునేటియి కావు, మాయి. పేరు దొర ఇయ్యగలిగేది కాదు. గందుకని దొర తాన నేను తీసుకునేది ఏమి లేదు. చెంబు ఆడ వెట్టిపో.”

ఖుర్దాద్ నెలల, అంటె ఎండకాలం, నన్ను తోలుకోని వెంకటయ్య కాడికి పోయింది. అర్జీ రాయుమన్నది, హైకోర్టు పెద్ద జడ్జికి. గాయిన చేతులు పట్టుకున్నంత పని చేసిండు. “అమ్మా, కానూన్‌ల దారి లేదు. ఎవరికి రాసినా లేదంటరు.” “లేదని నువ్వంటె నేనెట్ల ఒప్పుకుంట? లేదు అని వాళ్ళను రాసియ్యమను, కింద సంతకం పెట్టి. అప్పుడు ఇంకేం చెయ్యాల్నో చూసుకుంట. నువ్వు రాయి.” గాయిన కలం తీసిండు. అడగకుంటనే అలవాటు కొద్ది మొదలువెట్టిండు, “యుగయుగాల అణచివేతకు గురైన...” వదినె చెయ్యి అడ్డం వెట్టింది. “గవేమి వద్దు. నేను చెప్పింది రాయి. దుర్గయ్య, జానయ్య, అన్నదమ్ములు. ఒకటే నాడు, ఒకటే మందను, ఒకటే తొవ్వల తోలిండ్రు. జానయ్య దొంగ కాదని మీరే రాసిండ్రు. జానయ్య కాకుంటె దుర్గయ్య ఎట్లయిండు? మీ ఫైసలా వచ్చేదాక ఆయన పానం ఆగలేదు, గది ఆయన చేసిన నేరమా? ఆయన తోలింది దొంగతనం కాదని ఒక్క ముక్క రాసి, ఠాణాకు పంపుండ్రి.” వెంకటయ్య రాసుకుంట రాసుకుంట కండ్లు తుడుచుకున్నడు. గంత సభలల్ల మాట్లాడెటోడు, ఒక్క మాట కలపలే, ఒక్క మాట తియ్యలే. కింద ఆమె ఏలిముద్ర వేయించిండు. మడత పెట్టబోతుంటె, “ఆగు, దినం రాయలే,” అన్నది. “ఏ దినమమ్మా, ఇయ్యాలటి తారీఖు పైన ఏసిన.” “అది కాదు. ఏ దినం వరకు జవాబు చెప్పాల్నో, ఆ దినం.”

గాయినకు సగం నవ్వు, సగం భయం. “కోర్టుకు మనం గడువు పెట్టొద్దమ్మా. తౌహీన్, కోర్టు ధిక్కారం అంటరు, నిన్నే లోపలేస్తరు.” ఆమె కింద కూసున్న మనిషి లేచి నిలవడ్డది. “పదకొండు పేషీలు వకీలు సాబ్. ఏడు తాలూకాల, నాలుగు పట్నంల. వాళ్ళు ఏ దినం చెప్తె ఆ దినం పోయిన. వానల పోయిన, పెనిమిటి పోయిన మూడోనాడు పోయిన. గదే దినం ఎందుకు అని ఒక్కసారి అడగలే. ఇప్పుడు పేషీ నేను పెడుతున్న. వానలు దిగే మిరుగం కార్తె నాడు మందలు తొవ్వవడుతయి, అప్పటికి నా పిల్లలు ఎవరి తాననైనా పాలుకు అడగాలె, అప్పటికి మా ఇంటి కోత చెల్లాలె. మిరుగం మీ నెలలల్ల ఏ దినం అయితదో లెక్కజూసి రాయి.” వెంకటయ్య గోడకున్న సర్కారు క్యాలెండర్ కాడికి పోయిండు, ఏలు పెట్టి లెక్కజూసిండు, వచ్చి కూసున్నడు. ఆమె రాసేదాక చూస్తనే నిలవడ్డది. రాసిండు. నిజాం సర్కారు లెక్కన మిరుగం వడ్డ దినం, పదమూడు నూర్ల యాభై నాలుగు ఫస్లీ, అమర్దాద్ రెండో తారీఖు లోపల జవాబు రావాలె.